కాలు తగిలిన పోటీ

పంతొమ్మిదేళ్ళ వయసులో మనిషికి ఒక ధైర్యం ఉంటుంది. ఏమీ అర్థం కాకపోయినా అన్నీ అర్థమైనట్టు తలూపేస్తాం. నేను ఆ రోజుల్లో అలా తలూపుకుంటూనే ఢిల్లీలో జరిగిన అంతర్జాతీయ జూడో పోటీల దాకా వెళ్ళిపోయాను. మాది నందిగామ. జూడో నేర్చుకున్నది జగ్గయ్యపేటలో, ఒకప్పుడు మిర్చి బస్తాలు నిల్వ చేసిన రేకుల షెడ్డులో. (మొదటి ఏడాది నేను ఎవరినైనా పడేసినదానికన్నా తుమ్మినదే ఎక్కువ.) మా నాన్న ట్రాలీ ఆటో నడిపేవాడు. ఆడపిల్ల ఎదుటి మనిషి చొక్కా పట్టుకుని కిందపడి దొర్లే ఈ ఆట ఆయనకు మొదటి నుంచీ మింగుడుపడలేదు. రైలెక్కించే ముందు ఒకటే మాట అన్నాడు. "పతకం తెచ్చావా, నీ ఇష్టమొచ్చినంత కాలం ఆడుకో. తేలేదా, ఇక ఆట మానేసి మీ బాబాయి సిమెంటు కొట్లో కూర్చో." దానికీ తలూపాను.

ఇక్కడ మా షెడ్డు పద్ధతి ఒకటి చెప్పాలి. జూడోలో సగం పని కాళ్ళదే. ఎదుటివాళ్ళ కాలిని మన కాలితో ఊడ్చి పడెయ్యాలి. మేమేమో ఎవరికైనా కాలు తగిలితే వాళ్ళను ముట్టుకుని కళ్ళకద్దుకుంటూ పెరిగినవాళ్ళం. కొత్తలో తన్నిన ప్రతిసారీ ఆగి, ఒకరినొకరం ముట్టుకుని కళ్ళకద్దుకునేవాళ్ళం. చూసేవాళ్ళకు అది పోటీయో పేరంటమో తెలిసేది కాదు. మాస్టారు కొన్నాళ్ళు ఓపికపట్టి, చివరికి తల పట్టుకున్నారు. "అమ్మా తల్లుల్లారా, ఆట మొదలెట్టకముందే ఎదుటి పిల్లకి ఒక్క దణ్ణం పెట్టేసుకోండి. ఆ తర్వాత ఎన్ని తగిలినా అందులోకే వస్తాయి!" అప్పటి నుంచి మాకు ఏ బాధా లేదు. దానికి టోకు దణ్ణం అని పేరు కూడా పెట్టుకున్నాం.

ఢిల్లీ స్టేడియంలోకి అడుగుపెట్టాక నా బుర్ర పనిచెయ్యడం మానేసింది. ఒక మ్యాట్ మీద మగవాళ్ళు, పక్క మ్యాట్ మీద ఆడవాళ్ళు, అన్నీ ఒకేసారి. మైకులో ఏ దేశం పేరు పిలిచినా నన్నే పిలిచినట్టుండేది. పొద్దున తెల్ల డ్రెస్సు వేసుకుని గెలిచాను కదా, నా రంగు తెలుపే అనుకుని స్థిమితపడ్డాను. సాయంత్రం కంచు పతకం పోటీకి నీలం వేసుకోవాలన్నారు. పరుగెత్తి మార్చుకుని, మళ్ళీ పరుగెత్తి, ఒక మ్యాట్ అంచున నిలబడి వినయంగా వంగాను. తలెత్తి చూస్తే ఎదురుగా బీరువాంత మగమనిషి. ఆయన కూడా పాపం తిరిగి వంగాడు. ఎవరో నా భుజం పట్టుకుని సరైన మ్యాట్ మీదకు తోసేసరికి రిఫరీ ఆట మొదలెట్టేశాడు. ఆ కంగారులో టోకు దణ్ణం సంగతే మర్చిపోయాను.

ఎదురుగా ఉన్నావిడ ఎక్కడో మధ్య ఆసియా నుంచి వచ్చింది. వయసులో నాకన్నా బాగా పెద్దది. పొద్దున తన పాపాయికి అరటిపండు తినిపిస్తూ నాకూ ఒకటి ఇచ్చింది. (అది తినకుండా ఉండాల్సింది.) మొదటి నిమిషంలోనే కాలు ఊడ్చి ఆవిణ్ణి పక్కకి పడేశాను. పాయింటు నాదే. ఆవిడ లేచి, నన్ను లాగి కిందపడేసి, మీదపడి అదిమిపట్టింది. విడిపించుకుందామని నేను కాళ్ళు విసిరితే, నా మడమ వెళ్ళి సరిగ్గా ఆవిడ నుదుటికి తగిలింది. తల్లిలాంటి మనిషి! తల! నా చెయ్యి నన్నడగలేదు. ఆవిడ భుజాన్ని తట్టి కళ్ళకద్దుకుంది. చాలదనుకుందో ఏమో, మళ్ళీ తట్టి మళ్ళీ అద్దుకుంది.

ఆవిడ వెంటనే నన్ను వదిలేసింది. ఎంత మంచి మనిషి, క్షమించేసింది అనుకుని నవ్వుతూ లేచాను. రిఫరీ చెయ్యెత్తి ఆవిణ్ణి గెలిపించాడు. అర్థం కాక నేను కూడా చప్పట్లు కొట్టాను. జూడోలో కిందపడున్నవాళ్ళు ఎదుటివాళ్ళను రెండుసార్లు తడితే ఓడిపోయానని ఒప్పుకున్నట్టు. ఈ సంగతి మాస్టారు నాకు వందసార్లు చెప్పారు. వందసార్లూ తలూపాను.

ఇంటిల్లిపాదీ బాబాయి కొట్లో కూర్చుని ఫోన్లో లైవ్ చూశారట. నేను గదికి చేరేలోపే బాబాయి ఫోను. "ఏంటే, గెలుస్తా గెలుస్తా ఎందుకు వదిలేసావ్?" నేను నోరు విప్పేలోపే వెనకనుంచి నానమ్మ గొంతు. "తలకి కాలు తగిలిందిరా! మరి కళ్ళకద్దుకోదా? పిల్లని మనమేమన్నా అడివిలో పెంచామా?" అంత పెద్ద స్టేడియంలో ఒక్కరికీ అర్థం కాని విషయం నందిగామలో సిమెంటు బస్తాల మధ్య కూర్చున్న మా నానమ్మకు అర్థమైంది. నేను మంచం మీద కూర్చుని వెక్కివెక్కి ఏడ్చాను. నాన్న మాత్రం ఫోన్లోకి రాలేదు.

నందిగామలో బస్సు దిగేసరికి నాన్న ఆటోతో నిలబడి ఉన్నాడు. బ్యాగు వెనకపడేసి బండి తీశాడు. సగం దారికి వచ్చాక నేనే అన్నాను. "రేపట్నుంచి కొట్టుకెళ్తాలే నాన్నా."

"దేనికి?"

"ఓడిపోయాగా."

"ఎవరు ఓడించారు నిన్ను?" అన్నాడు రోడ్డు మీంచి చూపు తిప్పకుండా. "నే చూళ్ళేదనుకున్నావా? ఎవరన్నా ఓడించినప్పుడు మానేద్దువుగాని. జగ్గయ్యపేట ఎప్పుడెళ్తావో చెప్పు, సిమెంటు లోడు అటే ఉంది, దింపుతా."

ఆ తర్వాత చాలా పోటీలు ఆడాను, పతకాలూ తెచ్చాను. నా చెయ్యి బుద్ధి తెచ్చుకుంది. ఎవరి తలకు ఏం తగిలినా పట్టు వదలదు. మొన్న జగ్గయ్యపేట బస్సులో సీటు కోసం తోసుకెళ్తుంటే నా కాలు ఒక పెద్దావిడకు గట్టిగానే తగిలింది. నేను దర్జాగా కూర్చున్నాను. ఆవిడే తప్పు తనదనుకుని, వంగి నా మోకాలు ముట్టుకుని కళ్ళకద్దుకుంది. సిగ్గుతో చచ్చిపోయి, ఆవిడ చేతులు పట్టుకుని లేచి సీటిచ్చాను. కంబీ పట్టుకుని నిలబడి, చప్పట్లు కొట్టిన ఆ పంతొమ్మిదేళ్ళ మొద్దుపిల్లని తలుచుకుంటే నవ్వొచ్చింది. ఇంటిదాకా ఆ పిల్ల నా పక్కన ఉంటే బాగుండుననిపించింది.