కర్రల వరుస

ఎనభైల్లో వచ్చిన ఒక శాసనసభ ఎన్నికకు నన్ను పామేడు వైపు అడవిలోని ఒక పోలింగు కేంద్రానికి ప్రిసైడింగ్ అధికారిగా వేశారు. బస్తరు అప్పటికి మధ్యప్రదేశ్‌లో ఉండేది. నేను కిరండూల్ రైల్వే లైనులో, గని నుంచి ఇనుప రాయి మోసే గూడ్సు బండ్ల లెక్కలు చూసే ఆఫీసులో హెడ్ క్లర్కుని. అక్కడి దొర్ల తెగవాళ్లు తెలుగు మాట్లాడతారు, నాకు తెలుగు వచ్చు. ఎంపికకు అంతకుమించి కారణం లేదు.

కేంద్రం ఆశ్రమ పాఠశాలలో ఒక గది. మధ్యాహ్నం మూడింటికి గని కొండల దిగువనున్న ఒక ఊరు ఊరంతా వచ్చింది. తెల్లవారకముందే బయలుదేరి నడిచారట. ముందు నిలబడ్డ మడకం లచ్చమ్మ అనే పెద్దావిడ సంగతంతా తానే చెప్పింది. గనిలో రాయి కడిగిన నీళ్లు వాళ్ల వాగులో కలిసి వాగు ఎర్రబడింది. పశువులు మూతి పెట్టడం లేదు, పొలాల్లో ఎర్ర బురద మేట వేసింది.

"ఎవలకు చెప్పినా ఇనలే సారూ. అందుకే ఈపాలి ఊరంత ఒక్కటై ఓటేస్తానికి వచ్చినం" అంది. ఆ రాయి మోసే బండ్ల మీదే నా జీతం నడుస్తోంది. నేను వరుస చివర చూపించాను.

వరుస పొడుగ్గా ఉంది. ఓటర్ల జాబితా హిందీలో ఉంది, పైగా ఒకే పేరువాళ్లు ఒక్కో పల్లెలో నలుగురైదుగురు. ఒక్కో ఓటుకు చాలాసేపు పట్టేది. ఆ ఊరివాళ్లు సంతలో ఉప్పు కోసం ఏం చేస్తారో ఇక్కడా అదే చేశారు. మనిషికొక చేతికర్ర చొప్పున వరుసలో నేలమీద పరిచి, పదడుగుల దూరంలో ఇప్పచెట్టు నీడన కూర్చున్నారు. లైను కదిలినప్పుడల్లా ఒక ముసలాయన లేచి కర్రలన్నీ ముందుకు జరిపేవాడు. కర్ర ఉంటే వంతు ఉన్నట్టే, అది అక్కడ అందరూ ఒప్పుకున్న మాట. ముందున్నవాళ్లలో ఒక్కరూ దాన్ని కాదనలేదు.

ఐదింటికి పోలింగు ముగింపు. అప్పటికి ఇంకా మిగిలినవాళ్లకు ప్రిసైడింగ్ అధికారి సంతకం చేసిన చీటీలు ఇవ్వాలి. చిట్టచివరి మనిషి నుంచి మొదలుపెట్టి ముందుకు రావాలి, కొత్తవాళ్లు వెనక చేరకుండా. చీటీ ఉన్నవాళ్లంతా వేసేదాకా పోలింగు సాగుతుంది. నేను చీటీలు పట్టుకుని చివరికి వెళ్లాను. చివర మనుషులు లేరు, కర్రలున్నాయి. చెట్టుకింద వాళ్లు లేచి వస్తున్నారు.

సరిగ్గా అప్పుడే సెక్టార్ అధికారి జీపు దిగాడు. పది కేంద్రాలకు సామాను చేరవేసి, సాయంత్రం పెట్టెలు, మనుషులను వెనక్కి తీసుకుపోవడం అతని పని. హోదాలో నాకంటే చాలా పెద్దవాడు.

"లకడీకి ఓటు ఉండదు బాబూ. ఐదింటికి వరుసలో నిలబడి ఉన్నవాళ్లకే పర్చీ ఇవ్వు. అంధేరాలో గాడీ ఆగితే జవాబు నువ్విస్తావా?" అన్నాడు.

నా చేతిలో నిబంధనల పుస్తకం ఉంది. ముగింపు వేళకు కేంద్రం దగ్గర హాజరైన ఓటర్లందరికీ అని అందులో ఉంది, నిలబడినవాళ్లకు అని లేదు. ఆ వాక్యం చదివి వినిపించాను. అతను వినలేదు, గడియారం చూసుకున్నాడు. పార్వతీపురం నుంచి వచ్చిన మా రెండో పోలింగు అధికారి నా చెవిలో, "కందకి లేని దురద కత్తిపీటకెందుకండీ? కానిచ్చీండి" అన్నాడు. ముందు వరుసలో అప్పటికే నిలబడి ఉన్న పదహారు మందికి చీటీలిచ్చాను.

లచ్చమ్మ నా ఎదురుగా వచ్చి నిలబడింది. "ఏంది సారూ ఇది? మా కర్రలు నీ కండ్లముందే ఉన్నయి గద. మేమొచ్చినకాడ్నుంచి నువ్వు చూస్తనే ఉన్నవు" అంది. అవును, చూస్తూనే ఉన్నాను. కర్రలు తీసి మనుషులు నిలబడండి అని నాలుగింటికి ఒక్క మాట చెబితే సరిపోయేది. ఆ మాట నా నోట రాలేదు.

పదహారు మందీ వేశాక పెట్టెకు సీలు వేశాను. ఒకసారి వేసిన సీలు ఓట్ల లెక్కింపు దాకా తీసే అధికారం ఎవరికీ లేదు. అభ్యర్థుల ఏజెంట్లు సంతకాలు పెట్టారు. వాళ్లూ గని టౌన్‌షిప్ మనుషులే, వాళ్లకు ఆ ఊరి ఓట్లు పడకపోవడమే హాయి. ఆ ఊరివాళ్లు తమ తమ కర్రలు ఏరుకుని అడవి దారి పట్టారు. ప్రిసైడింగ్ అధికారి డైరీలో "పోలింగు ప్రశాంతం, ఫిర్యాదులు లేవు" అని నా చేత్తోనే రాశాను.

వాళ్ల ఓట్లతో ఫలితం మారేది కాదులెండి అని తరువాత ఆఫీసులో ఒకాయన ఓదార్చబోయాడు. ఆ ఓదార్పు వింటే ఇప్పటికీ ఒళ్లు మండుతుంది. ఫలితం వాళ్లకూ తెలుసేమో, అయినా నడిచి వచ్చారు. తరువాతి ఎన్నికకు ఆ ఊరినుంచి ఒక్కరూ రాలేదట. నివేదికలో కారణం గడిలో "ఓటర్ల ఉదాసీనత" అని నింపారట.

చాలా ఏళ్లు ఆ అధికారిని తిట్టుకున్నాను. తిట్టదగ్గవాడే. కానీ పోలింగు జరిగే వేళ ఆ కేంద్రంలో ప్రిసైడింగ్ అధికారి మాటే చివరి మాట. కలెక్టరు వచ్చినా అంతే. అది నాకు శిక్షణలో మొదటిరోజే చెప్పారు. ఆ సాయంత్రం అక్కడ నాకు పై అధికారి ఎవరూ లేరు. నేనే ఒకణ్ణి తెచ్చి పెట్టుకున్నాను.