ఐదో మనిషి అన్నం

మా చిన్నప్పుడు ఇంట్లో ఉన్నది నలుగురమే... బాపు, అమ్మ, అవ్వ, నేను. అవ్వ మాత్రం రోజూ ఐదుగురికి అన్నం వండేది.

మాది కల్వకుర్తి దగ్గర ఒక పల్లె. ఇంట్లో గ్యాసు పొయ్యి ఉన్నా, అన్నం మాత్రం వెనక పందిరి కింద కట్టెల పొయ్యి మీదే అయ్యేది. అవ్వ అన్నమంటే మా వాడకట్టులో పేరు... ఏ మెతుక్కు ఆ మెతుకు విడిగా ఉండేది, నొక్కితే వెన్న. పాత బియ్యం రెండుసార్లే కడగాలి, పిసకకూడదు. ఎసరు బుడబుడా తెర్లాకే బియ్యం పోయాలి. ఒక్కసారి కలిపి ఇక దాని జోలికి పోకూడదు. మెతుకు నడుమ సన్నగా పలుకు ఉండగానే గంజి వంపి, నిప్పుల మీద మూతపెట్టి, మూత మీద రాయి పెట్టాలి.

ఇదంతా నాకు పదేళ్ళకే కంఠతా వచ్చు. నచ్చనిది ఒక్కటే... సోలతో నలుగురికి కొలిచాక అవ్వ పైన వేసే పిడికెడు.

ఆ పిడికెడు లచ్చిమిది. లచ్చిమి అంటే అవ్వ చెల్లెలు... ఐదేళ్ళకే చనిపోయింది. అప్పట్లో మా వైపు రోజూ జొన్న గట్కే, వరి అన్నం పండగలకే. ఒక కరువు ఏడాది లచ్చిమికి జ్వరం వచ్చి, వరి బువ్వ కావాలని చెయ్యి చాపి అడిగిందట... అడుగుతూ అడుగుతూనే పోయిందట. అప్పుడు పక్కన కూర్చుని ఉన్నది మా అవ్వే, ఎనిమిదేళ్ళ పిల్ల.

అందుకే అన్నం కాగానే మొదటి గంటె మోదుగాకులో పెట్టి పొయ్యి పక్కన ఉంచేది. సాయంత్రం దాన్ని ఆవుకు వేసేది. అడగనిదే అమ్మయినా పెట్టదంటారు కదా... ఆ సామెత ఎవరన్నా అంటే అవ్వ అక్కణ్ణుంచి లేచిపోయేది.

తెలంగాణ వచ్చిన మరుసటి ఎండాకాలం అవ్వకు కంటి ఆపరేషన్. బాపు తోడుగా దవాఖానకు పోయాడు. మర్నాడు మధ్యాహ్నానికి ఇద్దరూ తిరిగొస్తారు, అమ్మ ఉపాధి పనికి పోవాలి... ఇక వంట నాదే. వెళ్ళేముందు అవ్వ నా చెయ్యి పట్టుకుని ఒక్క మాటే చెప్పింది.

"నలుగురికి కొలిచి పిడికెడు ఎక్కువ వెయ్యి బిడ్డా. అది అడగకముందే పెట్టాలె."

సరేనన్నాను. కానీ బడిలో నేను తెలివిగలదాన్ని కదా... లేని మనిషికి అన్నమేంటని నవ్వుకున్నాను. మర్నాడు నలుగురికే కొలిచాను. ఆకు కూడా కోయలేదు.

గంజి వంపాను. చెయ్యి కొంచెం కాలింది. అన్నం గిన్నెను నిప్పుల మీద పెట్టి, మూత మీద రాయి పెట్టి, వెనక గడప మీద కూర్చున్నాను. మిట్టమధ్యాహ్నం... ఎండకు కోడి కూడా కదలడం లేదు. ఎంత నిశ్శబ్దమంటే, నిప్పుల్లో బూడిద రాలడం కూడా వినిపిస్తోంది.

మూత కింద చిన్న చప్పుడయింది... గిన్నె అడుగున ఎవరో గోళ్ళతో గీకినట్టు. ఆవిరి అనుకున్నాను.

కాసేపటికి రాయి తీసి, మూత ఎత్తాను.

తెల్లటి అన్నం నడుమ ఒక గుంట. గంటెతో తీసింది కాదు... చేత్తో తోడుకున్న గుంట. అంచున నాలుగు వేళ్ళ గాడులు. ఎందుకు చేశానో తెలియదు, నా చెయ్యి దాని మీద పెట్టి చూశాను. పట్టలేదు. నాకంటే చిన్న చెయ్యి.

పిల్లి అయితే మూత పెట్టి మళ్ళీ రాయి పెడుతుందా? నేను గడప దిగనే లేదు. గంటెతో అన్నం మొత్తం చదును చేసేసి మూత పెట్టాను.

ఆటో వచ్చింది. కంటికి పచ్చ గుడ్డ కట్టుకుని దిగిన అవ్వ, మంచినీళ్ళు కూడా అడగకుండా, "పెట్టినవా?" అంది.

"పెట్టిన" అన్నాను. ఆకేదని అడిగితే ఆవు తినేసిందని ఇంకో అబద్ధం అతికించాను.

అవ్వ గోడ పట్టుకుంటూ పొయ్యి దాకా పోయింది. కింద కూర్చుని నేలంతా తడిమింది. పొయ్యి దగ్గర నుంచి పెరటి దడి తలుపు దాకా, జానెడు జానెడు దూరంలో, మెతుకులు పడి ఉన్నాయి. ఒంటికన్నుతో ఒక్కొక్కటే ఏరి కొంగులో వేసుకుంది. నన్ను తిట్టి ఉంటే బాగుండేది.

"అది మళ్ళ చెయ్యి చాపొద్దనే గదా బిడ్డా, నేను రోజూ పెడుతున్న."

అంతే. అన్నం వడ్డిస్తే తన వాటా మొత్తం ఆకులో పెట్టి పొయ్యి పక్కన ఉంచి, ఆ పూట మంచినీళ్ళు తాగి పడుకుంది. ఆ రోజు సిగ్గుపడినంతగా నేను మళ్ళీ ఎప్పుడూ సిగ్గుపడలేదు. తర్వాత నేనెప్పుడు వండినా ఆ పిడికెడు మరిచిపోలేదు.

అవ్వ పోయి నాలుగేళ్ళయింది. ఇప్పుడు నేను హైదరాబాదులో మూడో అంతస్తులో కిరాయి గదిలో ఉంటున్నాను. కరెంటు కుక్కరు... ఒక కప్పు బియ్యం, రెండు కప్పుల నీళ్ళు, ఒక మీట. వంపడానికి గంజి లేదు, పెట్టడానికి రాయి లేదు. అయినా రోజూ రెండు పిడికిళ్ళు ఎక్కువే వేస్తాను... ఒకటి లచ్చిమికి, ఒకటి అవ్వకు.

మొన్న ఒక ఆదివారం కావాలనే వెయ్యలేదు. నిజం చెప్తున్నాను, అవ్వ చెయ్యి ఒక్కసారి చూడాలనిపించింది. కుక్కరు ముందే కూర్చున్నాను. టక్కుమని మీట పైకి లేచింది. మూత తీశాను.

అన్నం చదునుగా ఉంది. ఒక్క వేలి గాడు కూడా లేదు... ఈ గది అవ్వ ఎప్పుడూ చూడలేదు మరి, ఎట్లా వస్తుంది? ఆ ఎండాకాలం కంటే ఈ ఆదివారమే నాకు ఎక్కువ భయమేసింది. కుక్కరు ముందు కూర్చుని చాలాసేపు ఏడ్చాను.

మీ ఇంట్లోనూ ఇలా లెక్కకు మించి ఒక పిడికెడు పడేదా? ఎవరి కోసమో కింద రాయండి... ఇవాళ పొయ్యి వెలిగిస్తే వేయండి కూడా. వాళ్ళు అడగకముందే.