గవ్వల జట్టు లతీఫ్

చిట్యాల బస్టాండు దగ్గర కిరాయి సైకిళ్ల లతీఫ్ పేరు ఎత్తితే మా ఈడువాళ్లకు రెండు సంగతులు గుర్తొస్తాయి. ఒకటి, అతని జోస్యం ఎన్నడూ తప్పేది కాదు. రెండోది, అతను సొంత తమ్ముడి మీద ఆడిన అబద్ధం. నాది అతని పక్క దుకాణమే. ఇటు నా కుట్టుమిషను, అటు అతని పంక్చర్ల తొట్టి, మధ్యలో రేకు గోడ. అందుకని అతని కథ చెప్పే హక్కు ఊళ్లో అందరికన్నా నాకే ఎక్కువ ఉందనుకుంటాను. ఆ అబద్ధం ఒక్కటే చెప్పి మనిషిని తీసిపారేసేవాళ్లంటే నాకు ఒళ్లు మంట.

లతీఫ్ ఆరడుగుల మనిషి. నల్లగొండలో పదో తరగతి చదివేటప్పుడు డ్రిల్లు సారు జానయ్య ఆ ఎత్తు చూసి చేతికి బాస్కెట్‌బాల్ ఇచ్చాడు. మా ఊళ్లో అప్పటికి ఆ ఆట పేరు విన్నవాడు లేడు. సెలవులకు వచ్చినప్పుడు లతీఫ్ పాత సైకిలు రిమ్మును వేపకొమ్మకు కట్టి పొద్దంతా బంతి వేస్తుంటే, వీడికి పిచ్చి పట్టిందని మా అవ్వ తాయెత్తు కట్టించమంది. తండ్రి చనిపోయాక చదువు ఆగిపోయింది. లారీ మీద క్లీనరుగా పోయాడు. సూర్యాపేట అవతల టైరు మారుస్తుంటే జాకీ జారింది. దవాఖానలో ఎడమ కాలును తీసేయకుండా నిలిపారు గాని, ఆ కాలు మళ్లీ పనికి రాలేదు. తల్లి లాడ్లీ బేగం మెడలో ఉన్నది అమ్మి సైకిళ్ల దుకాణం పెట్టించింది.

ఆట ఆడలేనివాడు ఆటను వదిలిపెట్టాలి కదా. లతీఫ్ వదలలేదు. పచ్చీసు ఆడే గవ్వలతోనే బాస్కెట్‌బాల్ ఆడొచ్చని కనిపెట్టాడు. జిల్లా పోటీల్లో నిజంగా ఆడే పిల్లలే మా ఆటగాళ్లు. వాళ్లను ఏరుకుని ఐదుగురితో ఒక్కో జట్టు కట్టాలి. మంచి ఆటగాడికి ఏడు గవ్వలు, నడిమి రకానికి ఐదు, దెబ్బ తగిలినవాడికి మూడు. గుప్పిట్లో ఆడించి వేస్తే ఎన్ని వెల్లకిలా పడితే అన్ని బుట్టలు. లెక్క నేను సుద్దముక్కతో రేకు గోడ మీద గీసేవాణ్ని. తమ పేర్లతో చిట్యాలలో ఇలాంటి ఆట నడుస్తోందని పాపం ఆ పిల్లలకు తెలియదు.

జట్లు నాలుగు. లతీఫ్‌ది ఒకటి, ఎదురుగా హోటలు నడిపే చోటే మియాది ఒకటి, కల్లు గీసే కాటమయ్యది ఒకటి. నాలుగోది నకిరేకల్ భిక్షంది. నిమ్మకాయల వ్యాపారి. ప్రతి ఆదివారం ఈ ఆట కోసమే బస్సెక్కి వచ్చేవాడు. భార్య వేరే అనుమానపడి ఒకసారి వెంట వచ్చి, నలుగురు మొగోళ్లు గవ్వలేసుకుంటూ అరుచుకోవడం చూసి, తల కొట్టుకుని వెళ్లిపోయింది.

అసలు మజా ఆటలో కాదు, ఏరుకునే వారంలో ఉండేది. ఏడాదికోసారి జిల్లా పోటీలు కాగానే పాత జట్లన్నీ రద్దయ్యేవి. ఎవరు ముందు ఏరుకోవాలో గవ్వలేసి తేల్చుకుని, వారం ఆగి ఏరుకునేవాళ్లు. ఆ వారమంతా చోటే మియా హోటల్లో ఒకటే పుకార్లు. ఎవడు ఎవణ్ని తీసుకుంటాడు, ఎవడిని ఎవడికి అదలాబదలీ చేస్తారు, ఎవడి చెయ్యి బెణికింది, ఎవడికి పెండ్లి కుదిరింది. లతీఫ్ బస్సు కండక్టర్లను ఆపి జిల్లా అంతటి సంగతులు రాబట్టేవాడు. అతను ఫలానావాడు ఫలానా జట్టుకు పోతాడంటే పోవలసిందే. ఒక ఏడు కాటమయ్య ఇద్దరు మంచి ఆటగాళ్లను వదులుకుని దేవరకొండ పిల్లగాణ్ని తెచ్చుకున్నాడు. ఆ పిల్లగాడు అప్పటికే ఆట మాని బొంబాయిలో సిమెంటు పని చేస్తున్నాడు. లతీఫ్‌కు తెలుసు, చెప్పలేదు. చెప్పనక్కర్లేదు కూడా. అంగడిలో ఎద్దు మీద మనసుపడ్డవాడే దాని నోరు తెరిచి చూసి ముసలిదని పెదవి విరుస్తాడు. ఏరుకునే వారంలో అబద్ధం తప్పు కాదని మా కట్టుబాటు.

ఇక ఆజం. లతీఫ్ తమ్ముడు. అన్నకూ తమ్ముడికీ మధ్య పన్నెండేళ్ల తేడా. తండ్రి లేని ఇంట్లో లతీఫే వాడికి తండ్రి. ఆ వేపచెట్టు కింద స్టూలు వేసుకుని కూర్చుని, కర్ర నేలకేసి కొడుతూ వాడికి ఆట నేర్పాడు. వాడు తప్పు చేస్తే తిట్టేవాడు, బాగా వేస్తే మొహం పక్కకు తిప్పుకునేవాడు. కళ్లల్లో నీళ్లు మేం చూడకూడదని. ఎనభై ఎనిమిదిలో ఆజం జిల్లా పోటీల్లో మొదటిసారి ఆడాడు. ఆడాడంటే మామూలుగా కాదు, నల్లగొండ మైదానం లేచి నిలబడింది. ఓ సిమెంటు ఫ్యాక్టరీ వాళ్లు జట్టు కడుతున్నారు, ఆడేవాళ్లకు పర్మనెంటు నౌకరీ ఇస్తారు, ఒక్క జాగానే మిగిలింది, దానికి ఆజం పేరూ మిర్యాలగూడ పిల్లగాడి పేరూ చూస్తున్నారని జానయ్య సారు కబురు పెట్టాడు. నౌకరీ ఖాయమైతే కాయితం తన బడికే వస్తుందన్నాడు. ఆ ఇంట్లో నెలజీతం అనే మాట వినిపించడం అదే మొదలు. లాడ్లీ బేగం దర్గాలో చాదర్ కప్పుతానని మొక్కుకుంది.

ఆ జిల్లా పోటీలతోనే ఆజం మా గవ్వల ఆటలోకీ వచ్చాడు. ఆ ఏడు వంతుల కోసం గవ్వలేస్తే లతీఫ్‌కు ఆఖరి వంతు పడింది. ముందున్న ముగ్గురిలో ఆజంను వదిలే పిచ్చివాడెవడు? చెక్కిన బొమ్మను పక్కవాడు ఎత్తుకుపోతుంటే చూడాలా అని లతీఫ్ రెండు రోజులు అన్నం సరిగా తినలేదు. మూడో రోజు మొదలుపెట్టాడు. ఆజం మోకాలు పోయిందని, వాడు బయటికి చెప్పడం లేదని, ముందు కాటమయ్య చెవిలో వేశాడు. కాటమయ్య చెవిలో పడితే తాటిచెట్టెక్కి దండోరా వేసినట్టే. నిప్పు లేనిదే పొగ రాదన్నాడు చోటే మియా. చెప్పింది సొంత అన్న కదా, నమ్మక ఏం చేస్తారు.

శుక్రవారం పగటిపూట హోటలు ముందు ఒక జీపు ఆగింది. తెల్లచొక్కా మనిషి దిగి చాయ్ చెప్పి, ఆజం అనే పిల్లగాడిది ఈ ఊరేనా, మనిషి ఎట్లాంటివాడు, ఒంట్లో ఏమన్నా నలత ఉందా అని మెల్లగా ఆరా తీశాడు. చోటే మియా లతీఫ్‌ను చూపించి వాళ్ల అన్న ఈయనే అన్నాడు. లతీఫ్ నా వైపు చూసి కన్నుకొట్టాడు. భిక్షం బామ్మర్ది కిరాయి జీపు తోలుతాడని మాకు తెలుసు. ఏటా ఏరుకునే ముందు భిక్షం ఎవరో ఒకరిని పంపి కూపీ లాగుతాడనీ తెలుసు. నాకూ అదే అనుమానం వచ్చింది. లతీఫ్ కర్ర పక్కన పెట్టి, మొహం చిన్నగా చేసుకున్నాడు.

"నా తమ్ముడని దాస్తే పాపం సార్. మోకాలు లోపలంత అరిగింది. దవాఖానల సూదిపెట్టి నీళ్లు తీసిన్రు. ఆటల కనపడనియ్యడు గని, ఇంటికొచ్చి గుడ్డ కట్టుకొని ఏడుస్తడు."

తన కాలి బాధను ఉన్నదున్నట్టు తమ్ముడికి అంటగట్టాడు. అందుకే అంత నిజంగా పలికింది. ఆ మనిషి మంచిమాట చెప్పారని దండం పెట్టి, సగం చాయ్ వదిలేసి వెళ్లిపోయాడు. జీపు కనుమరుగయ్యాక లతీఫ్ కళ్లనీళ్లు వచ్చేదాకా నవ్వాడు. నేనూ నవ్వాను.

ఆదివారం ఏరుకున్నారు. భిక్షం ఆజంను వదిలాడు. చోటే మియా వదిలాడు. కాటమయ్య కాసేపు తల గోక్కుని, అరిగిన మోకాలు నాకెందుకని వదిలాడు. లతీఫ్ ఆజం పేరు చెప్పి, ఏడు గవ్వలూ గుప్పిట్లో ఎత్తి, మోకాలు గుండులా ఉందిరా అమాయకుల్లారా అని బయటపెట్టాడు. అందరూ అతన్ని నోరారా తిట్టారు. చోటే మియా ఓడిపోయిన ఖుషీలోనే అందరికీ చాయ్ పోశాడు. జీపు వేసి మనిషిని పంపితే మాత్రం ఏం లాభమైందని లతీఫ్ భిక్షంను ఎగతాళి చేశాడు.

భిక్షంకు అర్థం కాలేదు. "ఏ జీపు? నేనెవ్వల్ని పంపలే. మా బామ్మర్ది జీపు ఇంజను ఖరాబై నెల సంది షెడ్డులనే ఉన్నది" అన్నాడు.

లతీఫ్ గుప్పిట అలాగే ఉండిపోయింది. ఆ రోజు ఆట సాగలేదు.

పది రోజులకు జానయ్య సారు తనే బస్సెక్కి వచ్చాడు. నౌకరీ మిర్యాలగూడ పిల్లగాడికి ఇచ్చారట. ఇట్లాంటి పిల్లలు దెబ్బలు దాస్తారని, పర్మనెంటు చేసే ముందు ఊళ్లోనే చాటుగా అడిగి రమ్మని ఆఫీసరును పంపారట. అన్నే ఒప్పుకున్నాడు, ఇంక డాక్టరెందుకు అన్నారట. ఈ మాటలు చెప్పేటప్పుడు ఆజం అక్కడే ఉన్నాడు. లతీఫ్ తల దించుకుని ట్యూబుకు రాపిడి పెడుతూనే ఉన్నాడు. చిల్లు లేని ట్యూబు అది.

ఆ అన్నదమ్ములు ఎప్పుడూ ఉర్దూలోనే మాట్లాడుకునేవాళ్లు. ఆ రోజు ఆజం అందరి ముందు తెలుగులో అడిగాడు.

"ఎందుకన్నవ్ భాయ్ గా మాట?"

"నిన్ను నేనే ఏరుకుందామని" అన్నాడు లతీఫ్.

ఆజం కాసేపు అన్న మొహంలోకి చూశాడు. కోపమొచ్చి కొట్టినా బాగుండేది. "నేను పుట్టినకాడి సంది నీ తమ్ముణ్నే గద. ఇంక ఏరుకునుడేంది?" అన్నాడు. అంతే, ఇంటికి నడిచాడు.

కాలు జారితే తీసుకోవచ్చు, నోరు జారితే తీసుకోలేం అంటారు. లతీఫ్ రెండూ జారినవాడు. మర్నాడే కర్ర పట్టుకుని ఆ ఫ్యాక్టరీకి పోయాడు. నేనూ వెంట వెళ్లాను. గేటు దగ్గర పొద్దంతా నిలబెట్టి, చివరికి ఆ తెల్లచొక్కా ఆఫీసరు దగ్గరికే పంపారు. గవ్వల ఆట, వంతులు, భిక్షం, జీపు అని లతీఫ్ మొదటి నుంచి చెప్పుకొచ్చాడు. వింటుంటే నాకే నమ్మబుద్ధి కాలేదు, ఇంక ఆయనకేం నమ్మకం కుదురుతుంది? అప్పుడు నిజం చెప్పిన మంచివాడివి, ఇప్పుడు నౌకరీ కోసం మాట మారుస్తున్నావు, వయసుకు తగని పని అని మందలించి పంపాడు. పైగా ఆ జాగా నిండిపోయిందన్నాడు. చేతులు కాలాక ఆకులు పట్టుకోవడమంటే ఏమిటో ఆ రోజు కళ్లారా చూశాను.

ఆజం ఇంకెక్కడా పోటీకి పోలేదు. చౌటుప్పల్ దిక్కు మందుల ఫ్యాక్టరీలు వస్తుంటే రోజుకూలీకి చేరాడు. డ్రమ్ములు దొర్లించే పని. రెండేళ్లకే వేళ్ల మీద తోలు ఊడింది, ఒంటికి పట్టిన మందు వాసన సబ్బుకు పోయేది కాదు. పెండ్లి చేసుకున్నాడు, ఇద్దరు పిల్లలు. అన్నతో మాట్లాడేవాడు, అన్నకు బట్టలు కుట్టించేవాడు, తక్కువ చేసింది ఏమీ లేదు. తల్లి మాత్రం లతీఫ్ ముందు పళ్లెం పెట్టి మొహం తిప్పుకునేది. పోయేదాకా అట్లాగే తిప్పుకుంది.

మా ఆట ఆగిపోయింది. లతీఫ్‌కు నోరు కూడా పోయినట్టే అయింది. కండక్టర్లు ఆగి ఏం జోస్యం భాయ్ అని అడిగితే తెలియదనేవాడు. తర్వాత తర్వాత ఒక కొత్త అలవాటు పట్టుకుంది. బస్టాండు దగ్గర ఏ జీపు ఆగినా పని వదిలి లేచేవాడు. కుంటుకుంటూ పోయి, లోపలున్నవాడెవడో చూడకుండానే, మా తమ్ముడి మోకాలు మంచిగుందని చెప్పేవాడు. కొందరు చిల్లర ఇవ్వబోయేవాళ్లు. కొందరు అద్దం ఎక్కించేసేవాళ్లు. పిల్లలు కావాలని జీపు వచ్చిందని అరిచి అతన్ని లేపుతుంటే నేను కత్తెర పట్టుకుని వెంటపడ్డ రోజులున్నాయి.

తొంభై ఏడు ఎండాకాలంలో అనుకుంటాను, హైదరాబాదు నుంచి ప్లాట్లు చూసుకోవడానికి వచ్చినవాళ్ల జీపు ఒకటి ఆగింది. దారి అడుగుదామని ఒకాయన తల బయటికి పెట్టాడు. లతీఫ్ అప్పటికే అక్కడికి చేరాడు.

"సార్, మా తమ్ముని మోకాలు మంచిగనే ఉన్నది. జర చూడున్రి సార్."

ఆయన బిత్తరపోయాడు. అప్పుడే చౌటుప్పల్ బస్సు దిగిన ఆజం టిఫిను డబ్బా చేతిలో పట్టుకుని వచ్చి అన్న వెనుక నిలబడ్డాడు. వెంట్రుకలు అప్పటికే నెరిశాయి. క్షమించమని అడుగుతాడనో, మతి లేదని చెప్తాడనో అనుకున్నాను.

"నిజమే సార్" అన్నాడు ఆజం. "మంచిగనే ఉన్నది. కావాల్నంటే చూడున్రి." ప్యాంటు మోకాలి దాకా ఎత్తి, రోడ్డు మీద ఆ కాలితోనే రెండుసార్లు ఎగిరి చూపించాడు.

లతీఫ్ ఆ జీపాయన మొహంలోకే చూస్తున్నాడు. ఆయన ఏం అనుకున్నాడో ఏమో, సరే బాబూ, బాగుంది అన్నాడు. ఆజం దండం పెట్టి, అన్న చంక కింద చెయ్యి వేసి ఇంటికి తీసుకుపోయాడు.