చెప్పని గోత్రం

జగ్గయ్యపేటలో కిరాణా సరుకుల టోకు వర్తకుడైన కుటుంబరావు ప్రతి శనివారం వేదాద్రి వెళ్ళి, నరసింహస్వామికి అర్చన చేయించి, అటునుంచి అటే నందిగామ బస్సెక్కేవాడు. పేరుకు అది వ్యాపారం పని. అసలు పని బ్రహ్మయ్యతో వాదం.

ఇద్దరూ పేట హైస్కూల్లో ఒకే బెంచీ మీద కూర్చున్నవారు. కుటుంబరావు తాతగారి ఒడిలో నేర్చిన స్తోత్రాలను ఊపిరిగా చేసుకుని పెరిగాడు. బ్రహ్మయ్య కాలేజీ నాటికే దేవుణ్ణి వదిలిపెట్టి హేతువాద సంఘంలో చేరాడు. ఇందులో మహిమేమీ లేదని చాటుతూ ఊరూరా నిప్పుల మీద నడిచి చూపించేవాడు. మొదటిసారి నడిచినప్పుడే బొటనవేలు కాలింది. దానికి మందు రాస్తూ కుటుంబరావు, "మహిమ లేదని బానే రుజువు చేసావురా" అన్నాడు. ఆ మాటకు ఇద్దరూ ఏళ్ళ తరబడి నవ్వుకున్నారు.

నందిగామలో బ్రహ్మయ్యది విత్తనాల కొట్టు. గల్లాపెట్టె పక్కన పసుపు కుంకుమల డబ్బా ఒకటి ఎప్పుడూ ఉండేది. విత్తనాల సంచికి బొట్టు పెట్టనిదే రైతులు గడప దాటరని ఆ నాస్తికుడే దాన్ని కొని పెట్టాడు. నీకెందుకీ డబ్బా అని కుటుంబరావు అడిగితే, మొక్కుకోవడం వాళ్ళ పని, మొలిచే విత్తనం ఇవ్వడం తన పని అని చెప్పాడు.

ఒక ఏడు, కంపెనీ పంపిన నాసిరకం విత్తనాల మూలంగా బ్రహ్మయ్య మీద కేసు పడింది. కుటుంబరావు అతడి భార్య సుబ్బమ్మను గోత్రం అడిగి తెలుసుకుని, స్నేహితుడికి చెప్పకుండా అతడి పేర అర్చన చేయించాడు. కేసు కొట్టేశారు. కుటుంబరావు ప్రసాదంతో వెళ్ళి సంగతి చెప్పాడు. బ్రహ్మయ్య పులిహోర మెతుకు మిగలకుండా తిని, చెయ్యి కడుక్కుని వచ్చి కూర్చున్నాడు.

"మా సంఘం సభ్యుల పుస్తకంలో నీకు చెప్పకుండా నీ పేరు రాసాననుకో. ఊరుకుంటావా?"

కుటుంబరావు తల అడ్డంగా ఊపాడు. ఇకమీదట నువ్వు అడిగితే తప్ప నీ కోసం దేవుణ్ణి ఏమీ కోరనని అప్పుడే మాట ఇచ్చాడు. తర్వాత కుటుంబరావు కూతురు విషజ్వరంతో విజయవాడ ఆసుపత్రిలో ఉన్నప్పుడు, బ్రహ్మయ్యే అతణ్ణి వేదాద్రి తీసుకెళ్ళి, లోపలికి రాకుండా, స్నేహితుడి చెప్పులకు కాపలాగా మెట్ల దగ్గర కూర్చున్నాడు.

నిరుడు వానాకాలంలో బ్రహ్మయ్యకు క్లోమంలో కాన్సరని తేలింది. కోత పెట్టినా ఫలం లేని దశ అన్నారు డాక్టర్లు. మనిషి మంచానికి అంటుకుపోయాడు. ఒక శనివారం కుటుంబరావు వెళ్ళేసరికి సుబ్బమ్మ గుమ్మంలోనే ఆపింది. పుట్టింట నోములు నోచిన మనిషి ఆమె. కాపురానికి వచ్చాక ఒకరోజు దీపం పెట్టేది, ఒకరోజు మానేసేది.

"దేవుడు ఉన్నాడో లేడో నాకు తెలీదన్నయ్యగారూ. మీ ఇద్దరి మాటలూ వినీ వినీ ఎటూ కాకుండా పోయా. ఒకవేళ ఉంటే, ఈయన పేరు ఒక్కసారైనా ఆయన చెవిన పడాలిగా. మీ నోటితో చెప్పి అర్చన చేయించండి. ఈయనకి తెలీనివ్వను."

స్నేహితుడి ప్రాణం ఒకవైపు, అతడికే ఇచ్చిన మాట ఒకవైపు. చాటుగా చేయడానికి మనసొప్పక, కుటుంబరావు తిన్నగా మంచం దగ్గరికి వెళ్ళి, నన్ను ఆ మాట నుంచి విడిపించమని అడిగాడు.

"సుబ్బులు అడిగిందా?" అన్నాడు బ్రహ్మయ్య. కాసేపు ఆయాసపడి మళ్ళీ అందుకున్నాడు. "నువ్వు మొక్కి, నేను బతికాననుకో. ఇన్నాళ్ళూ నేను చెప్పిందంతా నవ్వులపాలవుద్ది. అదేం పెద్ద నష్టం కాదులే. బతక్కపోతే?"

కుటుంబరావు జారిన దుప్పటిని పైకి లాగి కప్పాడు.

"నీ స్వామి మీద అలుగుతావు. నాకు తెలుసు నీ సంగతి. నేనూ లేక, ఆయనా లేక ఎట్టారా నీకు?"

కుటుంబరావు స్నేహితుడి చేతిని పట్టుకుని చాలాసేపు కూర్చున్నాడు. విడిపించమని మళ్ళీ అడగలేదు.

తర్వాతి శనివారం వేదాద్రిలో అర్చకుడు తులసిదళాలు చేతబట్టి గోత్రనామాలు అడిగాడు. కుటుంబరావు తనవి, తనవాళ్ళవి చెప్పాడు. ఇంకెవరైనా ఉన్నారా అని అడిగాడు అర్చకుడు. సుబ్బమ్మ చెప్పిన గోత్రం నాలుక చివర ఉంది. పైకి అనకుండా మనసులో తలుచుకుంటే సరిపోదా అనిపించింది. కానీ మనసులో మాట కూడా స్వామికి వినబడుతుందని నమ్మినవాడికి, పైకి అనకపోయినంత మాత్రాన ఇచ్చిన మాట నిలిచినట్టవుతుందా? అతడు దీపం వైపు చూస్తూ, "లేరండీ" అన్నాడు.

కార్తీకంలో బ్రహ్మయ్య పోయాడు. అతడు కోరినట్టే మంత్రం లేకుండా, పిండం లేకుండా దహనం చేశారు. సంఘంవాళ్ళు నాలుగు మంచిమాటలు చెప్పి చేతులు జోడించారు. కుటుంబరావు నోటి నిండా ఉన్న శ్లోకాలను పళ్ళ వెనకే ఆపుకుని, చితి ఆరేదాకా నిలబడ్డాడు.

నాలుగు రోజులాగి సుబ్బమ్మను పలకరించడానికి వెళ్ళాడు. కొట్టు తలుపులు మూసి ఉన్నాయి. ఆమె మంచినీళ్ళు తెచ్చి ఇచ్చి, గ్లాసు తిరిగి అందుకుంటూ అడిగింది.

"చేయించారా అన్నయ్యగారూ?"

"లేదమ్మా. వాడు ఒప్పుకోలేదు."

ఆమె గ్లాసును గూట్లో పెట్టి వచ్చింది.

"చేయిస్తే బతికేవారంటారా?"

భగవంతుడి గురించి ఎవరేమడిగినా ఆధారంతో సహా చెప్పగలవాడని పేటలో పేరున్న మనిషి తల దించుకున్నాడు. స్వామి అడగనిదే ఇవ్వడని చెప్పలేడు. అడిగినా ఇచ్చేవాడు కాదనీ చెప్పలేడు. తనకే తెలియని సంగతిని ఆమెకు ఓదార్పుగా ఇవ్వడానికి నోరు రాలేదు.

"తెలీదమ్మా" అన్నాడు.

"మంచిదండీ. ఆయన అడిగినట్టే చేసారు" అంది సుబ్బమ్మ. ఆ మాట అంటున్నప్పుడు ఆమె అతడి ముఖం చూడలేదు.