కుంటినెమలి అంచు

ధర్మవరం చర్చిలో తెర మీది నెమలి లేచి ఎగిరిపోయిందంట. ఈ మాట రైలెక్కి ధర్మవరంలో కదిలేటప్పుడు ఆ నెమలి ఉత్త బొమ్మే. పెనుకొండ వచ్చేసరికి పురి విప్పి ఆడె. హిందూపురంలో దిగేసరికి పాస్టరయ్య నెత్తిన వాలి మూడుసార్లు కూసిందంట. కండ్లారా చూసినోళ్లు మాత్రం ఇంతవరకు ఒక్కరూ దొరకలా.

ఆ నెమలి పుట్టింది సుమలత కంప్యూటర్లో. చెన్నకేశవులు సావుకారి పట్టుచీరలకు అంచులు గీసేది ఆమే. చిన్నప్పుడు నాయన మగ్గం గుంతలో కూర్చోబెడితే గడియ నిలిచింది లేదు. కాలు ఊపుతానే ఉంటాది, తప్పు తొక్కుతాది, పోగులు తెగుతాయి. "నిన్ను చూస్తే మగ్గమే బయపడతాది మే" అని ఆయనే తీసుకపోయి డిజైన్లు నేర్పిచ్చినాడు. పదకొండేండ్లాయ. సగం దేశం పెండ్లికూతుర్లు ఆమె గీసిన అంచులే కట్టినారు. గీసింది ఆమె అని ఈగకు కూడా తెలీదు. పేరంతా సావుకారిదే.

ఆదివారమైతే చర్చిలో ప్రొజెక్టరు ఆమె చేతిలోనే. పాట మాటలు తెరకెక్కిచ్చాలా, వెనకాల ఒక బొమ్మ పెట్టాలా. ఒకనాడు జలపాతం పెడితే తెల్ల నీళ్లలో తెల్ల అక్షరాలు మునిగిపాయ.

"ఏమ్మే సుమలతా, మేము పాడాల్నా, ఈదాల్నా?" అని ముందు వరస సుశీలమ్మ అరిచె.

పాట అయిపోకముందే బిన్నబిన్న వెతికితే ముదురు రంగుది ఒకటే దొరికె. పెండ్లిండ్ల కాలానికని సావుకారి దాచిపెట్టుకున్న కొత్త నెమలి అంచు. బయటికి పొక్కితే పనిలోంచి తీసేస్తానని ఆయన ముందే చెప్పినాడు. తెలుసు. కానీ తన గీతను గోడంత చూసుకోవాలని ఎన్నాళ్లుగానో చెయ్యి దురద. పెట్టేసింది.

ఆడోళ్లు పాట మరిచి ఫోటోలకు సెల్లులెత్తినారు. మరుసటి వారం జనం చర్చిలో పట్టలా. బొట్లు పెట్టుకున్న మగ్గాలోళ్ల ఆడోళ్లు వీధికి వీధే దిగినారు. కిటికీలకు వేలాడినోళ్లు కూడా ఉండారు.

పాస్టరయ్య ఆనందానికి అంతే లేదు. "ఏం మార్చొద్దమ్మా, అదే ఉంచు. నా ప్రసంగానికి ఇంత జనం ఎన్నడొచ్చినారు?"

సుమలతకు అన్నం దిగలా. తీస్తే పాస్టరయ్య మనసు విరుగుతాది, ఉంచితే పని పోతాది. అంగట్లో సావుకారి తుమ్మినా కుర్చీలోంచి లేచి నిలబడతాది.

మూడో ఆదివారం సావుకారే వచ్చినాడు. చెప్పులు బయట విడిచి, ముందు వరసలో కూర్చుని, కండ్లద్దాలు తుడుచుకున్నాడు. పాట మొదలాయ. లాప్‌టాప్ మీదికి సుమలత వేలు పోతాది, వస్తాది. ఒక్క నొక్కు నొక్కితే తెర నల్లగైపోతాది. ఆమె కాళ్లు ఊగి ఊగి ప్రొజెక్టరు బల్ల ఊగె, తెర మీద నెమళ్లన్నీ ఆడె.

"పోతే పోనీ, ఆయన్ను కూడా గోడంత చూడనీ" అనుకుని చెయ్యి వెనక్కి తీసుకునె.

పాట నడుమలో సావుకారి లేచినాడు.

"సుమలతా! మూడో నెమలికి రెండో కాలు యాడమ్మా?"

పాట ఆగిపాయ. అందరూ లెక్కబెట్టినారు. నిజమే, ప్రతి మూడో నెమలీ ఒంటికాలి మీదే ఉండాది. కంప్యూటరు చిన్న తెర మీద ముక్కలు ముక్కలుగా గీసినందుకు ఆమెకు కనపడలా. వెనక వరసల ఆడోళ్లు నెత్తిన చేతులు పెట్టుకున్నారు. సెల్లు ఫోటోలు చూసి నేసిన కుంటినెమళ్లు వాళ్ల మగ్గాల మీద అప్పటికే సగం చీర నడిచేసినాయి మరి.

సావుకారికి నవ్వాగలా. "రేప్పొద్దున్నే వచ్చి కాలు అతికిచ్చు. రెండు కాళ్లుంటేనే మన చీర అని ఇంక నేను అరిచి చెప్పే పనే లేదు."

అట్ల పని నిలబడె. గీసింది సుమలత అని ఊరికి తెలిసింది కూడా ఆ పొద్దే, కాలు మరిచినందుకు.

ఇప్పుడు హిందూపురం పెండ్లిండ్లలో పట్టుచీర కనపడితే చాలు, ఆడోళ్లు అంచెత్తి నెమలి కాళ్లు లెక్కబెడతాండారు. సుమలతను అడిగితే మాత్రం కాలు ఊపుతా అంటాది:

"నెమలా? యాడి నెమలి? ఆ ఆదివారం మా చర్చిలో కరెంటే లేదు. సావుకారి చర్చికొచ్చేదేంది? నేను గీసేది హంసల్నే. ఎవరప్పా ఇవన్నీ పుట్టిచ్చేది?"