ముఫ్లిహ్ ఇంటిదాకా వచ్చిన అడుగులు

ఎడారి అంచున మఆన్ ఊరి రోడ్డు మీద పోలీసు జీపు దుమ్ము లేపుకుంటూ పోయినప్పుడల్లా తుర్‌ఫా ముసుగు సర్దుకుని గొణుగుతుంది. "వీళ్ళూ పోలీసులేనా! ఒక్కడైనా నేలకేసి చూడడు."

ఆమె భర్త ముఫ్లిహ్ పోయి రెండు చలికాలాలు దాటాయి. ఆయన రోజుల్లో ఎడారి పోలీసంటే ఒంటె మీద మనిషి. సర్కారువాళ్ళు బావి పక్కన కోట కట్టి, చుట్టుపక్కల గుడారాల నుంచే మగవాళ్ళను పిలిచి, నడుముకి పోలీసు ఎర్ర పట్టీ ఇచ్చారు. నిన్నటిదాకా ఒంటెల దోపిడీకి పోయినవాళ్ళే దోపిడీలను ఆపేవాళ్ళయ్యారు. అడుగులు చదవడంలో ముఫ్లిహ్‌ది వేరే లెక్క. ఇసుకలో ఒక్క పాదముద్ర చూసి, మనిషి దాహంతో ఉన్నాడో లేదో, ఏ కాలు నొప్పిగా ఉందో చెప్పేసేవాడు.

ఒక వసంతంలో ఆయన గస్తీకి పోయి ఎనిమిది రోజులైంది. మిట్టమధ్యాహ్నం ఎవరో కుర్రవాడు కుంటుకుంటూ వచ్చి గుడారం నడిమి గుంజను రెండు చేతులా పట్టుకున్నాడు.

"పిన్నీ, నీ నీడకొచ్చాను."

"వచ్చావు. ఇక నీకేం భయం లేదు," అంది తుర్‌ఫా.

పేరు అడగలేదు, పని అడగలేదు. మూడు పగళ్ళు దాటేదాకా అతిథిని అలా అడగకూడదు. గుడారంలో అడ్డుతెరకు అవతల మగవాళ్ళ వైపు పరుపు వేసి, తెర కిందుగా రొట్టే వెన్నా తోసింది. తిన్న ఉప్పు కడుపులో ఉన్నన్నాళ్ళు వాడు ఆ ఇంటివాడే.

మర్నాడు సాయంకాలం రెండు ఒంటెలు కనిపించాయి. ముఫ్లిహ్, అతని జోడీ నాయిఫ్. ముఫ్లిహ్ దూరంగానే దిగి, ముక్కుతాడు పట్టుకుని, నేల మీద నుంచి చూపు తిప్పకుండా నడిచాడు. నలభై అడుగుల దూరంలో ఆగిపోయాడు. తలెత్తి తన గుడారాన్ని, తన భార్యను చూశాడు.

"అక్కడే నిలబడిపోయావేం, అబూ షాహిర్? ఎండదెబ్బా?" అని కొడుకు పేరుతో మొగుణ్ణి పిలిచి నవ్వింది తుర్‌ఫా.

"లోపల ఎవరు?"

"అతిథి."

"పేరు?"

"పేరడగమంటావా? మీ అమ్మ నాకు అలాగే నేర్పిందా?"

ముఫ్లిహ్ అక్కడే ఇసుకలో కూలబడ్డాడు. ఐదు రోజులుగా తరుముతున్న ఎడమకాలి కుంటి అడుగు తిన్నగా తన ఇంట్లోకే పోయింది.

నాయిఫ్ తల గోక్కున్నాడు. "నీ ఇల్లే కదా, పద లాక్కొద్దాం."

"నా ఇల్లు గనకే కాళ్ళు రావడంలేదు."

"మరి కోటలో ఏం చెప్పను? ముఫ్లిహ్ తన పెళ్ళాన్ని ముట్టడించి కూర్చున్నాడని చెప్పనా?"

"అడుగులు దొరికాయని చెప్పు. మనిషి నా ఇంట్లోనే ఉన్నాడని కూడా చెప్పు. అబద్ధం వద్దు."

నాయిఫ్ వెళ్ళిపోయాడు. రెండు రాత్రులూ, నడుమ పగలంతా ముఫ్లిహ్ ఒంటె పక్కనే కూర్చుని, తన సంచిలోని ఎండు ఖర్జూరాలే తిన్నాడు. తుర్‌ఫా వంట పొగ ఆయన మీదికే వీచేది. అప్పటికి ఆమెకి సంగతి అర్థమైపోయింది. వాణ్ణి ఇచ్చేస్తే ఆమె గుంజను ఇక ఎవరూ పట్టుకోరు, పరువు పోయి ఆమె ముఖం నల్లబడిపోతుంది. ఇవ్వకపోతే ముఫ్లిహ్ నడుముకి ఆ ఎర్ర పట్టీ ఉండదు.

అతిథి వచ్చిన నాలుగోనాడు పొద్దున, అడగకూడని మూడు పగళ్ళూ దాటాక ఆయన వచ్చి, పరాయివాడిలా మగవాళ్ళ వైపు కూర్చున్నాడు. ఆమె కాఫీ పోసి తెర పక్కగా అందించింది. ఆయన కప్పు తీసుకుని నేల మీద పెట్టేశాడు.

"తాగు. చల్లారిపోతోంది," అంది, ఆ పెట్టడంలో అర్థం తెలిసీ.

"అడిగింది ఇస్తానంటే తాగుతాను."

"ఏం కావాలి?"

"నీ అతిథి."

కుర్రవాడు లేచి నిలబడ్డాడు. "నాలుగు ఒంటెలు, పిన్నీ. సరిహద్దు అవతలి నుంచి తోలుకొచ్చాను. మా నాన్న ఈ పనే చేస్తే ఆడవాళ్ళు పాటలు పాడారు. నాకేమో చెరసాలా?"

"మీ నాన్న పోలికే నీది. ఆ దోపిడీకి ఆయనతో నేనూ వెళ్ళాన్రా," అన్నాడు ముఫ్లిహ్ మెల్లగా. "ఆ పాటలో నా పేరూ ఉంది. ఒంటెలు పోయిన ఇంట్లో పిల్లలు ఆ పూట పాలకు బదులు ఏం తాగారో ఆ పాటలో లేదు."

కుర్రవాడు తల వంచుకున్నాడు.

"మీవాళ్ళు వీడికి తాడు కట్టకూడదు," అంది తెర వెనక నుంచి తుర్‌ఫా. "దారిలో ఎవరూ చెయ్యి ఎత్తకూడదు. కోట గుమ్మం దాకా వీడు నా ముఖం మీద, నా పూచీలో ఉన్నాడు, నేనూ వస్తాను. వీడు ఒప్పుకుంటేనే."

"నడుస్తాను, పిన్నీ," అన్నాడు వాడు.

ముఫ్లిహ్ చల్లారిన కాఫీని ఒక్క గుక్కలో తాగేశాడు.

వాడు దాచిన ఒంటెలు సరిహద్దు అవతలికి తిరిగి వెళ్ళాయి. కుర్రవాడికి ఆరు నెలల శిక్ష పడింది. ముఫ్లిహ్ నడుము పట్టీ పోలేదు గానీ, ఆలస్యం చేసినందుకు హోదాకి గుర్తుగా చొక్కా చేతి మీద కుట్టిన గీత తీసేయమన్నారు.

ఇంటికొచ్చాక తుర్‌ఫానే ఒక్కొక్క కుట్టూ విప్పింది. గీత ఉన్నచోట గుడ్డ ఎండ తగలక కొత్తదానిలా ఉంది.

"కోపంగా ఉందా?" అని అడిగింది.

"నువ్వు వాణ్ణి మొదటిరోజే ఇచ్చేసి ఉంటే కోపమొచ్చేది."

ఉద్యోగం విడిచేదాకా ఆయనకి మళ్ళీ గీత రాలేదు. కొత్త చొక్కా ఇస్తామన్నా పుచ్చుకోలేదు. ఆ మచ్చ చొక్కాతోనే గస్తీ తిరిగాడు. ఉతికిన ప్రతిసారీ ఆ చోట బట్టను ఆమె గట్టిగా రుద్దేది కాదు.