మల్లేశం మేస్త్రి, నా చెవి మిషను

మొన్న రాయదుర్గంలో ఒక అద్దాల మేడ మూడో అంతస్తులో, చెవులు పరీక్ష చేసే అమ్మాయి నా కుడి చెవిలో గులాబీ రంగు ముద్ద నింపింది. అది చల్లగా లోపలికి జారి, చెవి ఆకారం పట్టుకుని గట్టిపడేదాకా కదలకుండా కూర్చోవాలి. చెవి మిషను అచ్చు సరిగ్గా కుదరకపోతే మిషను కూత పెడుతుంది. ఆ అమ్మాయి ఈలోగా నా ముందు నాలుగు రకాల మిషన్లు పరిచి, శనగగింజంత దాన్ని చూపిస్తూ, ఇది పెట్టుకుంటే ఎవరికీ కనిపించదు ఆంటీ అంది. నాకు నవ్వొచ్చింది. ఇరవై మూడేళ్ల వయసులో సరిగ్గా ఆ మాట కోసమే నేను తపించిపోయాను. ఆ తపన నుంచి నన్ను బయటపడేసిన మనిషిని మీరెవరూ ఎరగరు. అందుకే రాస్తున్నాను.

డెబ్బైల మొదట్లో బాలానగర్‌లో, రేకు సామాన్లు చేసే ఒక ఫ్యాక్టరీ స్టోర్స్‌లో గుమస్తాగా చేరాను. కిటికీలోంచి పనివాళ్లు అడిగిన బోల్టులూ డ్రిల్లులూ తీసి ఇవ్వడం నా పని. ఆరు నెలలు చూసి, బాగుంటే ఉద్యోగం ఖాయం చేస్తామన్నారు. మేము తెనాలి వైపు నుంచి వచ్చినవాళ్లం. నాన్నగారు పక్షవాతంతో మంచం పట్టారు కాబట్టి ఇల్లు నా మీదే నడవాలి. చిన్నప్పుడు వచ్చిన టైఫాయిడ్ నా వినికిడి సగానికి పైగా పట్టుకుపోయిన సంగతి ఫ్యాక్టరీలో ఎవరికీ చెప్పలేదు. ఎదుటివాళ్ల పెదవులు చూసి నెట్టుకొస్తున్నాను. చెవిటివాడి ముందు శంఖమూదినట్టు అని ఎవరన్నా అంటే అందరితో పాటు నేనూ నవ్వేదాన్ని.

మల్లేశం మేస్త్రి, రేకులను అచ్చుల్లో నొక్కే ప్రెస్ షాపుకి ఫోర్‌మన్. ఖాజాగూడ నుంచి రోజూ సైకిల్ మీద వచ్చేవారు. ఒకరోజు మధ్యాహ్నం, ప్రెస్సులన్నీ ఆగి ఉన్న భోజనాల వేళ, కిటికీ దగ్గరికొచ్చి మూతికి తువాలు అడ్డం పెట్టుకుని ఏదో అడిగారు. నేను బిక్కమొహం వేశాను. ఆయన తువాలు తీశారు. "చప్పుడున్నప్పుడు అందరం పెదవులే చూస్తం. నువ్వు చప్పుడు లేనప్పుడు గూడ చూస్తున్నవ్ బిడ్డా" అన్నారు. ఎవరితోనూ చెప్పొద్దండీ అని బతిమాలాను. చెప్పనన్నారు. ఆదివారం తనతో చెవి మిషన్లు అమ్మే దుకాణానికి రమ్మన్నారు.

ముందు దవాఖానలో చెవుల పరీక్ష చేయించి, ఆ కాగితం పట్టుకుని నన్ను దుకాణానికి తీసుకెళ్లారు. అక్కడ కళ్లజోడు కాడలో ఇమిడిపోయిన మిషను చూసి నేను మనసు పారేసుకున్నాను. కళ్లజోడు పెడితే చదువుకున్న పిల్లలా ఉంటాను, చెవుల సంగతి ఎవరికీ తెలియదు. దుకాణదారు ఎదురుగా కూర్చుని మాట్లాడితే ప్రతి మాటా అందింది. ఇదే తీసుకుంటానన్నాను. మేస్త్రి గారు నా కుర్చీని గోడవైపు తిప్పించి, ఇప్పుడు మాట్లాడమన్నారు. నాకు గొణుగుడు తప్ప ఏమీ వినపడలేదు. అప్పటిదాకా విన్నది నా కళ్లు. చెవి వెనక పెట్టుకునే రకం కొంచెం మేలు, అదీ చాలలేదు. చివరికి అగ్గిపెట్టె కన్నా కాస్త పెద్ద పెట్టె, దాన్నుంచి చెవిదాకా తీగ, అన్నిటికన్నా వికారంగా ఉన్నది పెట్టుకుంటే, వెనక నుంచి దుకాణదారు నా పేరు పిలవడం స్పష్టంగా వినపడింది. ఏడ్చాను. సంతోషానికా, ఆ పెట్టె రూపానికా అంటే ఈనాటికీ చెప్పలేను.

మర్నాడు దాన్ని పైటకింద దాచుకుని, తీగను జడలో కలిపేసి ఫ్యాక్టరీకి వెళ్లాను. పొద్దుటి నుంచి చెవిలో బరబరా గరగరా, మనిషి మాట ఒక్కటి లేదు. మిషను పాడైందని మేస్త్రి గారితో పోట్లాడాను. ఆయన నా గంజి పెట్టిన నేత చీర వైపు చూసి, తల అడ్డంగా ఊపారు.

"చీర మాట వింటున్నవ్. గా పెట్టె బయటికి తియ్యి, మనుషుల మాట వినబడుతది."

మైకు ఉన్నది పెట్టెలో, దాని మీద రుద్దుకుంటున్నది నా పైట. ఆ మాత్రం నాకు తట్టలేదు. రెండు రోజులు ఏడ్చి, మూడో రోజు పెట్టెను పైట మీద పిన్నుతో తగిలించుకున్నాను. ఆ వారమే సూపరింటెండెంటు గారి నుంచి కబురొచ్చింది.

ఆయన చెడ్డమనిషి కాదు. చెవిటి మనిషిని యంత్రాల మధ్య ఎలా పెట్టుకోమంటారు, ఖాయం చేయడం కుదరదు అన్నారు. నా వెనకే వచ్చిన మేస్త్రి గారు, నన్ను గోడవైపు తిప్పి ఏదైనా అడగమన్నారు. సూపరింటెండెంటు ఐదు సామాన్ల పేర్లు సైజులతో చదివారు. ఐదూ తప్పులేకుండా అప్పజెప్పాను. అయినా రూలు రూలే అన్నారాయన.

మేస్త్రి గారు నన్ను పక్కకు జరిపారు. తర్వాత తానే వెళ్లి గోడవైపు తిరిగి నిలబడ్డారు. "మల్లేశం, ఏంటిది?" అన్నారు సూపరింటెండెంటు. ఆయన కదల్లేదు. "మల్లేశం!" అని గట్టిగా పిలిచారు. ఆ పిలుపు నాకు వినపడింది. ఆయనకు వినపడలేదు. ఏళ్ల తరబడి ప్రెస్సుల మోత ఆయన చెవులు తినేసింది. ఆ సంగతి ఆ గదిలో ఎవరికీ తెలియదు, నాతో సహా. కాసేపటికి తిరిగి చూసి, "పన్నెండేండ్ల సంది మీ పెదవులు చూసే పని చేస్తున్న సార్. ఈ పిల్లకు వినబడుతది. నాకే వినబడది. తీసేస్తే నన్ను తియ్యాలె" అన్నారు.

నా ఉద్యోగం ఖాయమైంది. ఆయన్ని ప్రెస్ షాపు నుంచి ప్యాకింగు షెడ్డుకి మార్చారు. ముప్ఫైమందిని నడిపించిన మనిషి అట్టపెట్టెలకు తాళ్లు కట్టేవారు. నా వల్లే ఇలా అయింది కదండీ అని గేటు దగ్గర ఏడుస్తుంటే, జర ఊకో బిడ్డా అన్నారు. "ఇన్నేండ్లు రెండు కొలువులు చేసిన. ఒకటి ప్రెస్సుల, ఇంకోటి దాచుడు. దాచుడే ఎక్కువ అలసట. ఇగ ఒక్కటే కొలువు."

ఆ తర్వాతి ఆదివారం నేనే ఆయన్ని దుకాణానికి తీసుకెళ్లాను. ఆయనకూ పెట్టె మిషనే కుదిరింది. మర్నాడు షెడ్డులో కనిపించి సిగ్గుపడుతూ చెప్పారు, ఇంటామె వయసు మీదపడి మాటలు తగ్గించిందని ఇన్నాళ్లూ అనుకున్నారట. "తగ్గియ్యలేదు బిడ్డా. నేనే వినలే" అని చెప్పి, తాడు ముడి వేయడంలో పడిపోయారు.

ఆయన పోయి చాలా ఏళ్లయింది. ఆయన పోగొట్టుకున్నదాన్ని నేను తీర్చలేదు, తీర్చగలిగేదీ కాదు. ఆయన గోడవైపు తిరిగి నిలబడిన రోజు నుంచి ఒక్క పని మాత్రం తప్పకుండా చేస్తున్నాను. ఎక్కడ కొత్త మనిషి ఎదురైనా, నా పేరు చెప్పకముందే చెబుతాను: నాకు సరిగా వినపడదండీ, కాస్త గట్టిగా మాట్లాడండి.